కలియుగ భీముడు: బలము, గాయము, వైద్యము

ఉత్తరాంధ్ర పల్లెలలో బలమును గూర్చి మాట వచ్చినపుడు పెద్దలు తప్పక తలచు పేరు కోడి రామమూర్తినాయుడుగారిది. ఊపిరి బిగించి ఒంటికి చుట్టిన ఇనుపగొలుసును తెంచిన కథ, రెండు చేతులకు కట్టిన త్రాళ్లతో రెండు మోటారుకార్లను కదలనీయక నిలిపిన కథ, రొమ్ముపై పరచిన బల్లమీదుగా ఏనుగును నడిపించుకొన్న కథ ఒకదాని వెంట ఒకటి వచ్చును. ఇవన్నియు ముగిసిన పిదప, గొంతు తగ్గించి మరియొక కథ చెప్పుదురు. ఆయన కాలికి పుండు లేచి, వైద్యులు ఆ కాలు తీసివేయవలసి వచ్చినపుడు, ఆ మహాబలుడు మత్తుమందు వలదని త్రోసిపుచ్చి, ప్రాణాయామముతో శ్వాసను నిగ్రహించి, మెలకువతోనే ఆ శస్త్రచికిత్సను సహించినారని ఆ కథ. వినుచున్న పిల్లలు కన్నులు పెద్దవి చేసికొందురు. వారిలో ఒకడు మరునాడు గోదాలో వ్రేలు విరుగగొట్టుకొని, ఇంటిలో చెప్పక దాచుకొనును. ఈ రెంటికిని సంబంధము కలదు. అందువలననే ఆ మహనీయుని జీవితమును ఈ ఒక్క కథతో ముడివేయక, మొదటినుండి చూచుట అవసరము.

రామమూర్తినాయుడుగారు 1880ల తొలి సంవత్సరములలో వీరఘట్టమున జన్మించినారు. నాడు శ్రీకాకుళము జిల్లా అనునది లేదు. అది 1950లో ఏర్పడినది. తండ్రి వెంకన్ననాయుడుగారు. తల్లిని పసితనముననే పోగొట్టుకొన్న ఆ బాలుడు విజయనగరములో పోలీసుశాఖయందు ఉద్యోగము చేయుచుండిన పినతండ్రి నారాయణస్వామినాయుడుగారి ఇంట పెరిగినాడు. చదువుపై కంటె వ్యాయామముపై మనస్సు పోయినదని ఆయన కథ చెప్పువారందరును ఒక్క మాటగా చెప్పుదురు. అట్టి మనస్సుకు విజయనగరము తగిన చోటు. ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథకును, గురజాడ అప్పారావుగారి రచనకును ఆశ్రయమైన ఆ గజపతుల పురమున గానమునకు ఎంత ఆదరమో దేహబలమునకును అంత ఆదరము ఉండెను.

తాలీంఖానా అనునది నేటి పిల్లలకు తెలియని మాట అగుచున్నది గనుక రెండు వాక్యములు చెప్పవలసి యున్నది. అది దండెములు, బస్కీలు, గదలు, కుస్తీపట్లు నేర్పు చోటు. నడుమ త్రవ్వి మెత్తపరచిన మట్టిగోదా. ఒక గోడకు ఆంజనేయస్వామి పటమో, గూటిలో విగ్రహమో ఉండును. స్వామికి మ్రొక్కక, మట్టిని కన్నుల కద్దుకొనక ఎవ్వడును గోదాలో అడుగుపెట్టడు. ఆ మట్టిలో పసుపు, నూనె, మజ్జిగ కలుపు ఆచారము ఉత్తరదేశపు అఖాడాలలో ప్రసిద్ధము. శుచి కొరకు, చర్మరోగములు రాకుండుట కొరకు అట్లు చేయుదురు. అనగా గాయము, పుండు అను భయము తాలీంఖానాకు తెలియనిది కాదు. దానికి తనదైన జాగ్రత్త అది చేసికొన్నది. వస్తాదు గురువే కాక వైద్యుడును. బెణికిన కీలును సరిదిద్దువాడు, నూనెతో మర్దనము చేయువాడు, తొలగిన భుజమును మరల ఎక్కించువాడు ఆయనే.

ఈ వస్తాదు వైద్యమునకు మన దేశమున గౌరవము ఉన్నది. అది నిష్కారణము కాదు. తిరుమల యాత్రికులకు పుత్తూరు పేరు క్రొత్త కాదు. వెదురుబద్దలు, ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన పెట్టి కట్టు ఆ శల్యవైద్యము నూరేండ్లకు పైగా ప్రజల విశ్వాసమును పొందినది. గుజరాతు దేశపు జ్యేష్ఠీమల్లులు మల్లవిద్యతోపాటు ఎముకలు కట్టు విద్యను కులవిద్యగా నిలుపుకొన్నారు. మైసూరు దసరా ఉత్సవములలో వజ్రముష్టి పోరు చేయువారు ఆ పరంపరవారే. పోరువాడే గాయమును బాగుచేయువాడు కావలెనని మన పూర్వులు తలచినట్లు ఇందువలన తెలియుచున్నది. అయితే బెణుకునకు చాలిన చేయి విరుగుడుకు చాలకపోవచ్చును. విరిగిన ఎముక చుట్టు వాపు పెరుగుచుండగా కట్టు బిగువుగా ఉన్నచో నెత్తురు ఆడక అవయవమే చచ్చిపోవు ప్రమాదము గలదు. వ్రేళ్లు చల్లబడుట, తిమ్మిరి, రంగు మారుట దానికి గుర్తులు. ఇవి కనబడినపుడు కట్టు విప్పించుటలో క్షణమైనను ఆలస్యము తగదు.

మల్లుల గాయములలో మొదట కంటబడునది చెవి. తలలు ఒండొంటితో రాపిడి పడునపుడు చెవిలోని మృదులాస్థికిని దానిపై పొరకును నడుమ నెత్తురు చేరును. కొద్దిదినములలో వైద్యుడు దానిని తీసివేసి ఒత్తి కట్టినచో చెవి మామూలుగా నిలుచును. ఉపేక్షించినచో ఆ నెత్తురు గడ్డకట్టి, చెవి ముడుతలు పడి, గట్టి ముద్దవలె జీవితాంతము ఉండిపోవును. చిత్రమేమనగా, మల్లులలో అనేకులు ఆ ముద్దచెవిని దాచుకొనరు. అది వారికి బిరుదు. రోమునగరములో దొరికిన ప్రాచీన కంచువిగ్రహమొకటి అలసి కూర్చున్న ముష్టియోధునిది. ఆ శిల్పి ఉబ్బిన చెవులను, ముఖముపై గాట్లను విడువక పోత పోసినాడు. రెండువేల ఏండ్లకు పైబడిన ఆ విగ్రహమును చూచిన మన పహిల్వాను తన చుట్టమును చూచినట్లు సంతోషించును. గాయము గౌరవచిహ్నమైనపుడు దానికి మందు వేయించుకొనుట గౌరవమును తగ్గించుకొనుటగా తోచును. చిక్కు అంతయు ఇచ్చటనే పుట్టుచున్నది.

రామమూర్తిగారు మద్రాసునందలి సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమునకు తిరిగివచ్చి, తాము చదివిన పాఠశాలయందే వ్యాయామోపాధ్యాయులైనారు. ఆయన కేవలము పల్లెటూరి బలశాలి కాడు. దేహమును గూర్చి క్రమముగా నేర్చి, నేర్పినవాడు. శాకాహారి. హనుమదుపాసకుడని ప్రతీతి. తమ బలమునకు మూలము కండలు కావనియు, ప్రాణాయామమనియు ఆయన నమ్మినారు. శిష్యులకు అదే బోధించినారు. పిదప మిత్రుల ప్రోత్సాహముతో సర్కసు సంస్థను స్థాపించి దేశమంతయు తిరిగినారు. పూనాలో లోకమాన్య తిలక్ ఆదరణమును, అలహాబాదులో పండిత మదనమోహన మాలవీయుని ఆదరణమును పొందినారు. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శనమిచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అను బిరుదు పొందిన సంగతి ఆంధ్రులు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. మల్లమార్తాండ, వీరకంఠీరవ మొదలగు బిరుదులను లెక్కించుచు కూర్చుండిన ఈ వ్యాసము ముగియదు.

ఆ ఏనుగు ప్రదర్శనమును మాత్రము కొంచెము నిదానించి చూడవలెను. వెల్లకిల పరుండినవాని రొమ్ముపై దృఢమైన బల్ల పరతురు. ఏనుగు దానిమీదుగా నడచిపోవును. బల్ల బరువును ఒక్క బిందువున పడనీయక దేహమంతటికిని పంచును. నిండుగా పీల్చి బిగబట్టిన ఊపిరి ప్రక్కటెముకలకు లోపలినుండి ఊతమిచ్చును. ఊపిరి ఒక్క రెప్పపాటు ముందుగా జారినను, బల్ల ఒక్క చోట లొంగినను ఎముకలు నిలువవు. కనుక ఇందు బలము ఎంతయో లెక్కయు అంతే. చూచువారికి మాయగా తోచునది చేయువానికి కొలత తప్పని పని.

ఆ లెక్క ఒకమారు తప్పినది. విదేశములలో పర్యటించుచుండగా, అసూయాపరులు ఎవ్వరో బలహీనమైన బల్లను అమర్చిరనియు, ఏనుగు అడుగిడగనే అది విరిగి, చెక్క ప్రక్కటెముకలలోనికి దూసికొనిపోయినదనియు చెప్పుదురు. తరువాత జరిగినదానిని మాత్రము చెప్పువారు ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. ఆయన ఆసుపత్రిలో చేరినారు. శస్త్రచికిత్స చేయించుకొన్నారు. కొన్ని నెలలు కదలక మంచముపై ఉన్నారు. ఊరూరు తిరుగు సర్కసుకు నాయకుడైనవాడు, వందలమందికి అన్నము పెట్టవలసినవాడు, నెలల తరబడి ప్రదర్శనములు మాని పడుకొనుటకు ఒప్పుకొన్నాడనగా అదియు ఒక సాధనయే. ఏనుగు మోసిన కథను నూరుమంది చెప్పుదురు. మంచముపై ఉన్న నెలలను వర్ణించువాడు ఒక్కడును లేడు. నాకు మాత్రము ఆ నెలలే ముఖ్యముగా తోచును. ఎముక అతుకుటకు కొన్ని వారములు, బలము మరల వచ్చుటకు కొన్ని నెలలు పట్టునని ఎరిగి, ఆ కాలమును ప్రకృతికి ఇచ్చినవాడే తిరిగి రొమ్ముపై బల్ల పరపించుకొనగలడు.

ఆయన సమకాలికులైన యోధుల చరిత్రలు చూచినను ఇదే తెలియును. 1910లో గామా పహిల్వాను లండనునకు పోయి రోలర్ అను అమెరికా మల్లుని ఓడించినాడు. ఆ రోలర్ వృత్తిచే వైద్యుడు. దేహమునందలి ప్రతి ఎముక పేరు ఎరిగినవాడు ఆనాడు తన ప్రక్కటెముకలు విరుగగొట్టుకొన్నాడని చెప్పుదురు. తెలిసినవాడును గోదాలో దిగినపుడు తెలియనివాడే అగునేమో! అదే కాలపు మరియొక అమెరికా మల్లుడు ఎడ్ లూయిస్. పలుమార్లు జగజ్జెట్టి అనిపించుకొన్న అతనిని ట్రకోమా అను కంటిరెప్పల అంటువ్యాధి పట్టుకొన్నది. మల్లులు పొరలు పరుపులనుండి, ఒకరి దేహమునుండి ఒకరికి ఆ వ్యాధి ప్రాకెడిది. మందగించిన చూపుతోనే అతడు ఏండ్లకొలది పట్లు పట్టినాడు. కన్ను కనబడకున్నను చేతితో తాకి ప్రత్యర్థిని పట్టగలనను ధైర్యము అతనికి ఉండెను కాబోలు. 1966లో మరణించునాటికి అతడు అంధుడు. ముష్టియుద్ధము చేయువారి సంగతి మరింత దారుణము. తలపై పలుమార్లు దెబ్బలు తిన్న ముష్టియోధులు ఏండ్లు గడచినకొలది త్రాగినవారివలె తూలుటను, మాట తడబడుటను, బుద్ధి మందగించుటను గమనించి హారిసన్ మార్ట్‌లండ్ అను వైద్యుడు 1928లో శాస్త్రలేఖ ప్రకటించినాడు. విరిగిన చేయి నొప్పి పెట్టి తన సంగతి తానే చెప్పును. మెదడునకు అట్టి వాక్కు లేదు. తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణము స్మృతి తప్పినవాడు లేచి నవ్వుచు నిలబడవచ్చును. చూచువారు శభాష్ అందురు. ఆనాడే మరల దెబ్బ తగిలినచో ప్రాణాపాయము.

ఇక కాలి పుండు సంగతి. రామమూర్తిగారి కాలిపై లేచినది రాచపుండని జనులు చెప్పుకొన్నారు. ఆ కాలమున కాలి పుండు ఎంతటి శత్రువో నేటివారికి ఊహించుట కష్టము. సల్ఫా మందులు 1930లలో గాని రాలేదు. పెన్సిలిన్ 1928లో కనుగొనబడినను, దానిని మనుష్యుల నెత్తురులోనికి ఎక్కించి అంటురోగములకు చికిత్స చేయుట 1941లో మొదలైనది. సామాన్యులకు దొరకుటకు మరికొన్ని ఏండ్లు పట్టినది. అంతకుముందు కుళ్లు ఎముకకు పట్టినను, మాంసము నల్లబడి పైకి ప్రాకినను, వైద్యుని చేత మిగిలిన సాధనము రంపమొక్కటే. కాలు పోయిన ప్రాణము దక్కును. కాలు నిలుపబోయిన ప్రాణము పోవును. ఏ కాలితో నేలను తన్ని మోటారుకార్లను ఆపినారో ఆ కాలిని తీసివేయుటకు రామమూర్తిగారు సమ్మతించినారు. మహాబలుని నోట ఆ సమ్మతి వెలువడుటకు ఎంతటి నిబ్బరము కావలెను! లోకము దానిని గమనింపలేదు. మత్తుమందు వలదనుటను మాత్రము గమనించినది.

ఆ మత్తుమందు క్లోరోఫారము. దానిని గూర్చి తెలుగు నేలకు సంబంధించిన చరిత్ర ఒకటి కలదు. 1847లో స్కాట్లండు వైద్యుడు సింప్సన్ దానిని ప్రచారములోనికి తెచ్చిన మరుసటి ఏటనే దానిని పీల్చుచు మరణించినవారు కానవచ్చిరి. మరణము గుండె ఆగుటవలననా, శ్వాస ఆగుటవలననా అను వివాదము నలుబది ఏండ్లు సాగినది. హైదరాబాదులో ఎడ్వర్డు లారీ అను వైద్యుడు నిజాము ప్రభుత్వపు సహాయముతో 1888లోను, 1889లోను రెండు పరిశోధక సంఘములను నడిపి, శ్వాస ఆగుటయే ప్రమాదమనియు, వైద్యుడు రోగి శ్వాసను కనిపెట్టియుండవలెననియు తేల్చెను. అఫ్జల్‌గంజి ఆసుపత్రి పేరు ఆనాడు ఐరోపా వైద్యపత్రికలకు ఎక్కినది. అచ్చటనే వైద్యము చదివిన రూపాబాయి ఫర్దూంజీ మత్తుమందు ఇచ్చుటలో ఆరితేరిన తొలి స్త్రీలలో ఒకరుగా చరిత్రకెక్కినారు. అయితే హైదరాబాదువారు తేల్చినది సగము సత్యమే. మత్తు చాలీచాలకుండ ఇచ్చినపుడు గుండెయే ఆకస్మికముగా లయ తప్పి ఆగిపోగలదని లీవీ అను వైద్యుడు 1911లో నిరూపించెను.

కనుక రామమూర్తిగారి కాలములో క్లోరోఫారమునకు వెరచుట అవివేకము కాదు. తన శ్వాసను ముప్పది ఏండ్లు తన వశమున నిలుపుకొన్న సాధకుడు, ఆ ఒక్క గడియయందు దానిని పరుని చేతికి అప్పగించుటకు ఇష్టపడకపోవుటలో ఆశ్చర్యమును లేదు. ఆయన నిరాకరించినది మెలకువను పోగొట్టుకొనుటను. వైద్యుని కాదు, కత్తిని కాదు. నేడు క్లోరోఫారమును శస్త్రచికిత్సలలో ఎవ్వరును వాడరు. మత్తు ఇచ్చు వైద్యుడు శ్వాసను, గుండెను, నెత్తురులోని ప్రాణవాయువును యంత్రములతో క్షణక్షణము కనిపెట్టియుండును. ఆనాటి భయమును ఈనాడు ధైర్యమని పేరుపెట్టి అనుకరించుట తగదు.

మన శాస్త్రములు నొప్పిని ఓర్చుటయే ధర్మమని చెప్పినవా యని చూచిన, అట్లు కానరాదు. సుశ్రుతాచార్యుడు నూట యేడు మర్మస్థానములను వివరించి, యోధుని దేహమున ఎచ్చట దెబ్బ ప్రాణాంతకమో చెప్పినాడు. శస్త్రము పెట్టుటకు ముందు రోగికి ఆహారమీయవలెననియు, బాధను ఓర్వలేనివానికి మద్యమీయవలెననియు ఆ ఆచార్యుడే విధించినాడు. ఓర్వలేనితనమును ఆయన నిందింపలేదు. దానికి ఉపాయము చెప్పినాడు. భారతమున ఉద్యోగపర్వములో ధర్మరాజు సేన కదలునపుడు ఆయుధములతోపాటు ఉపకరణములు గల వైద్యులను వెంట నడిపించినాడు. శరతల్పగతుడైన భీష్ముని కొరకు దుర్యోధనుడు శల్యములను తీయ నేర్చిన వైద్యులను పిలిపించెను. పితామహుడు వారిని పంపివేసెను. ఈ సంగతిని తాలీంఖానాలలో తరచు ఉదాహరింతురు గాని, రెండు విషయములను విడుచుదురు. భీష్ముడు స్వచ్ఛందమరణుడు, ఉత్తరాయణమునకై ప్రాణమును నిలుపుకొన్నవాడే గాని బ్రదుకగోరినవాడు కాడు. మరియు ఆయన ఆ వైద్యులను ధనముతో సత్కరించి పంపవలెనని చెప్పెను. తనకు పని లేదన్నాడే గాని, వారి విద్యకు పని లేదనలేదు.

ఇంతకంటె చెప్పవలసినది రామాయణమున కలదు. రావణుని శక్తిచే లక్ష్మణస్వామి మూర్ఛిల్లినపుడు శ్రీరామచంద్రుడు తమ్ముని వీరుడని పొగడుచు ఊరకుండలేదు. శోకించినాడు. సుషేణుడు పరీక్షించి ప్రాణము ఉన్నదని చెప్పి ఓషధులను తెమ్మన్నాడు. హనుమంతుడు పోయి, ఓషధిని గుర్తింపలేక, పర్వతమునే పెల్లగించి తెచ్చినాడు. ఏ స్వామికి మ్రొక్కి మల్లులు గోదాలో దిగుదురో ఆ స్వామి వైద్యుని ఆజ్ఞను శిరసావహించి మందు మోసికొనివచ్చినవాడు. తాలీంఖానా గోడలపై పటములలో ఆ స్వామి ఒక చేత గదయు, ఒక చేత కొండయు పట్టుకొని కనబడును. గదను చూచు కన్నులు ఆ కొండను ఏల చూడవో తెలియదు. ఆ కొండ బలప్రదర్శనమునకై ఎత్తినది కాదు. అది మందులపెట్టె.

పల్లెలలో కబడ్డీ ఆడువారు, పట్టణములలో కుస్తీ, బాక్సింగు, కరాటే నేర్చువారు నేడు వేలకొలది ఉన్నారు. వారిలో బాలికలును ఉన్నారు. గాయమును దాచుటకు వారికి కారణములు లేకపోలేదు. జట్టులో స్థానము పోవునను భయము, ఇంటివారు ఆట మాన్పింతురను భయము, వైద్యమునకు అగు వ్యయము, తోడివారు పిరికివాడందురను సిగ్గు. ఇవి తిట్టి పోగొట్టదగినవి కావు. చెప్పుకొన్నంతమాత్రమున ఆట మాన్పింపబోమని తల్లిదండ్రులు, చెప్పినవానిని ఎగతాళి చేయబోమని గురువులు మొదట నమ్మకము కలిగింపవలెను. తలకు దెబ్బ తగిలినవాడు ఆనాడు మరల బరిలో దిగరాదను నియమము వాని ధైర్యముపై గాక గురువు మాటపై నిలువవలెను. ఏలయన స్మృతి తప్పినవాని తీర్పు నమ్మదగినది కాదు. చర్మముపై పొక్కు, చీము, ఎఱ్ఱని వాపు ఉన్నవానిని మట్టిలోనికి రానీయకుండుట వానికే గాక తోడివారందరికిని రక్ష. పాదములపై పుండ్లు త్వరగా మానని మధుమేహులు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు. వారు కుస్తీ పట్టకపోయినను, నొప్పి తెలియని పుండు నొప్పి తెలిసినదానికంటె ప్రమాదకరమని ఎరిగి, దినమున ఒకసారి అరకాళ్లు చూచుకొనవలెను.

రామమూర్తిగారి కడపటి ఏండ్లు సంపదతో గడచినవి కావు. సర్కసు ఆర్జించి పెట్టిన ధనము ఎంత వేగముగా వచ్చినదో అంత వేగముగా పోయినది. దానము చేయు చేయి ఆయనది. లెక్క వ్రాయు చేయి కాదు. ఒంటికాలితో ఉన్న ఆ మల్లరాజునకు ఒరిస్సాలోని బలంగీర్ పట్నా సంస్థానపు మహారాజు ఆశ్రయమిచ్చినారు. లక్షలమంది చప్పట్లు విన్నవానికి ఆ నిశ్శబ్దము ఎట్లు తోచినదో! ప్రాణాయామమునకు రెండు కాళ్లును అక్కరలేదు గనుక ఆ సాధన మాత్రము కడవరకు ఆయనకు తోడుగా ఉన్నదని తలంతును. 1942 జనవరిలో, సంక్రాంతి దినములలో, సూర్యుడు ఉత్తరాయణమున ప్రవేశించిన వేళ ఆయన అచ్చటనే కన్ను మూసినారు.

ఆయన పుట్టిన వీరఘట్టము 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోనికి వచ్చినది. విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహము, శ్రీకాకుళమున ఆయన పేర క్రీడాప్రాంగణము కలవు. సింహాచలము, అరసవల్లి, శ్రీకూర్మము యాత్ర చేయువారికి ఈ రెండు పట్టణములును దారిలోనివే.